లుబెరాన్ కొండ ఊళ్లకు సైకిల్ మీద: కింద మకాం, పొద్దున్నే ఎక్కుడు

దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌కు వచ్చి లుబెరాన్ కొండల్లో సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఊళ్లన్నీ పైన ఉంటాయి, సులువైన సైకిల్ దారి కింద ఉంటుంది. గోర్డ్, రూసియోన్, బొన్యూ, లాకోస్ట్, మెనెర్బ్... ఫొటోల్లో చూసి మనసు పారేసుకున్న ప్రతి ఊరూ ఏదో ఒక గుట్ట నెత్తిన కూర్చుని ఉంటుంది. మధ్యలో కలవోన్ నది లోయ. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి, కొన్నింటి మధ్య దూరం ఐదారు కిలోమీటర్లే. అది చూసి చాలామంది ఒకే రోజులో ఐదు ఊళ్లు రాసుకుంటారు. మూడో ఊరికల్లా కాళ్లు పట్టేస్తాయి, నాలుగో ఊరు చూడాలన్న కోరికే చచ్చిపోతుంది.

నేను అవిన్యోన్‌లో ఉంటాను. చలి తగ్గిందంటే సెలవు రోజుల్లో నా దారి ఇటే. మా ఇంటికొచ్చిన చుట్టాలను కూడా ఇక్కడికే తీసుకొస్తుంటాను. అందరికీ చెప్పేది ఒకటే: మకాం లోయలో పెట్టుకోండి, పెద్ద ఎక్కుడు పొద్దున్నే తొక్కేయండి, రోజుకు రెండు ఊళ్లతో సరిపెట్టుకోండి. మూడోది దారిలో తగిలితే సరే, దాని కోసం పరిగెత్తొద్దు. ఈ ఊళ్లు సందుల్లో నడిచి చూడాల్సినవి. చెమటలు కక్కుతూ పైకి చేరి, ఒక ఫొటో తీసుకుని దిగిపోతే ఆ ఎక్కుడంతా వృథా.

ఎప్పుడు రావాలి

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరి దాకా బాగుంటుంది. మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. ఏప్రిల్‌లో చెర్రీ తోటలు పూస్తాయి, మే చివరి నుంచి సంతలకు పళ్లు వస్తాయి. సెప్టెంబరులో ద్రాక్ష కోతలు. లావెండర్ చూడాలంటే మాత్రం జూన్ ఆఖరు నుంచి జూలై మధ్యలోపు రావాలి. ఆ రోజుల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఏడింటికల్లా సైకిల్ మీద ఉండండి, పదకొండు తర్వాత ఎక్కుళ్ల జోలికి పోకండి. వేసవిలో కార్చిచ్చు భయం ఎక్కువగా ఉన్న రోజుల్లో అడవి దారులు మూసేస్తారు. ముందు రోజు సాయంత్రమే టూరిస్ట్ ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

ఎండ కంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మిస్ట్రాల్. వాయవ్యం నుంచి రోన్ లోయ వెంబడి దూసుకొచ్చే గాలి ఇది. మిస్ట్రాల్ వీచే రోజు ఆకాశం మబ్బు తునక లేకుండా నీలంగా ఉంటుంది. ఉత్తరాన 1,900 మీటర్లు దాటిన వాంతూ పర్వతం చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తుంది. అది చూసి ఇంతకంటే మంచి రోజు దొరకదనుకుని బయల్దేరతాం. లోయలోని కూస్తెలే అనే ఊరి నుంచి తూర్పున ఉన్న ఆప్ట్ పట్టణం దాకా వెనకగాలి తోసుకుపోతుంది, చాలా హాయిగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై గంట దారిని రెండు గంటలు చేస్తుంది. గాలి రోజు బయల్దేరక తప్పదనుకుంటే ముందు గాలికి ఎదురెళ్లి, తర్వాత దాంతో కలిసి వచ్చేలా దారి వేసుకోండి. మరీ ఉద్ధృతంగా ఉంటే ఆ రోజు సైకిల్ పక్కన పెట్టి ఊళ్లో నడవండి. కొండ దిగుతూ మలుపు తిరిగేటప్పుడు పక్క నుంచి తోసే గాలి ప్రమాదం.

ఎలా చేరాలి, ఎక్కడ దిగాలి

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి అవిన్యోన్‌కు తేజేవే అనే హైస్పీడ్ రైలు రెండు గంటల నలభై నిమిషాల్లో దింపుతుంది. అది ఆగేది ఊరి బయటి స్టేషన్లో. అక్కడి నుంచి చిన్న రైలెక్కితే ఐదు నిమిషాల్లో ఊళ్లోని సెంటర్ స్టేషన్. లుబెరాన్‌కు దగ్గర్లోని కవయోన్ పట్టణానికి లోకల్ రైళ్లు అక్కడ దొరుకుతాయి, ప్రయాణం అరగంట పైచిలుకు. ఆప్ట్‌కు రైలు లేదు, అవిన్యోన్ నుంచి బస్సులున్నాయి.

మకాంకు కూస్తెలే గానీ, ఆప్ట్ గానీ చూసుకోండి. కూస్తెలే చూడ్డానికి మామూలు కూడలి ఊరు, ఫొటో తీయాలనిపించదు. కానీ నాకు అదే ఇష్టం. అటు గోర్డ్, ఇటు మెనెర్బ్ రెండూ దగ్గరే. ఆదివారం పొద్దున రైతుల సంత పెడతారు, మేక పాల జున్ను చేసినవాళ్ల చేతి నుంచే కొనుక్కోవచ్చు. పెద్ద సంత కావాలంటే శనివారం పొద్దున ఆప్ట్‌కు వెళ్లాలి. చక్కెర పాకంలో ఊరబెట్టిన పళ్లకు ఆప్ట్ పెట్టింది పేరు. మూటలో రెండు పెట్టుకుంటే ఎక్కుడు మధ్యలో చటుక్కున బలం వస్తుంది.

ఈ రెండు ఊళ్లనూ కలుపుతూ లోయ పొడుగునా కార్లు రాని సైకిల్ బాట ఉంది. ఒకప్పటి రైలు మార్గాన్నే బాటగా మార్చారు. రైలు నిటారు ఎక్కుడు ఎక్కలేదు కనుక పట్టాలను వీలైనంత చదునుగా వేశారు, ఆ చదును ఇవాళ మన మోకాళ్లకు కలిసొచ్చింది. పిల్లలైనా, పెద్దవాళ్లైనా నిశ్చింతగా తొక్కొచ్చు. మొదటి రోజు ఎక్కుళ్లేమీ పెట్టుకోకుండా ఈ బాట మీద అటూ ఇటూ తిరిగి సైకిల్‌ను చేతికి అలవాటు చేసుకోండి. కొండ చుట్టూ తిరిగే పెద్ద వలయం కూడా ఒకటుంది, 236 కిలోమీటర్లు. ఒక దిశలో వెళ్లేవాళ్లకు తెల్ల బోర్డులు, ఎదురు దిశలో వెళ్లేవాళ్లకు కావి రంగు బోర్డులు పెట్టారు. పూర్తిగా తిరగకపోయినా దారి కనుక్కోవడానికి ఆ బోర్డులు బాగా పనికొస్తాయి.

ఏ సైకిల్

అద్దెకు తీసుకోవడమే మేలు. రోజు అద్దె మామూలు సైకిల్‌కు సుమారు 20 నుంచి 30 యూరోలు, ఎలక్ట్రిక్‌కు 40 నుంచి 50 యూరోల దాకా ఉంటుంది. వారానికి తీసుకుంటే తగ్గుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా గిరాకీ ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి.

రోజూ సైకిల్ తొక్కే అలవాటు లేకపోతే మొహమాటం లేకుండా ఎలక్ట్రిక్ తీసుకోండి. మా వదిన మొదట వద్దంది. కష్టపడకుండా పైకి చేరితే ఏం బాగుంటుందని ఆమె వాదన. కానీ ఈ సైకిల్ దానంతటది పరిగెత్తదు. పెడల్ తొక్కితేనే మోటారు సాయం అందుతుంది, 25 కిలోమీటర్ల వేగం దాటగానే ఆ సాయం కూడా ఆగిపోతుంది. చెమట పడుతుంది, పైకి చేరాక ఊరు చూసే ఓపిక కూడా మిగులుతుంది. లోయ బాట మీద మోటారు ఆపేసి గానీ, తక్కువ సాయంలో గానీ తొక్కండి. ఎక్కువ సాయాన్ని నిటారు చోట్లకే దాచుకోండి. పొద్దున్నుంచీ పై మోడ్‌లోనే పెట్టుకుంటే మధ్యాహ్నానికి బ్యాటరీ ఖాళీ. ఆ తర్వాత ఇరవై కిలోల పైన ఉన్న బరువును కాళ్లతోనే లాగాలి.

మామూలు సైకిలే కావాలంటే వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం ఉన్నది అడగండి. లో గేరులో పెడల్ తేలిగ్గా గిర్రున తిరగాలి. షాపు ముందే ఒక రౌండు తొక్కి, గేర్లన్నీ మార్చి చూడండి. బ్రేకులు కూడా చూసుకోవాలి. ఇక్కడి సైకిళ్లకు సాధారణంగా ఎడమ చేతి బ్రేకు ముందు చక్రానిది, కుడి చేతిది వెనక చక్రానిది. అలవాటు వేరైతే తొందరలో ముందు బ్రేకు గట్టిగా నొక్కేసే ప్రమాదం ఉంది. పంపు, ఒక ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు, గట్టి తాళం ఇచ్చారో లేదో అడిగి తీసుకోండి.

దక్షిణపు ఒడ్డు: బొన్యూ, లాకోస్ట్

నా దృష్టిలో మొదటి కొండ రోజు ఇదే కావాలి. కూస్తెలే నుంచి ఎనిమిదింటికి బయల్దేరి సైకిల్ బాట మీద తూర్పుకు వెళ్లండి. గంటలో జూలియన్ వంతెన వస్తుంది. క్రీస్తుపూర్వం 3వ సంవత్సరంలో రోమన్లు కట్టిన రాతి వంతెన అది. ఇటలీని స్పెయిన్‌తో కలిపిన దోమీసియా రహదారి దీని మీదుగానే సాగేది. 2005 దాకా దీని మీద కార్లు కూడా తిరిగాయంటే కట్టడం ఎంత గట్టిదో ఊహించుకోండి. ఇప్పుడు నడిచేవాళ్లకు, సైకిళ్లకే వదిలేశారు.

పై నుంచి దాటి వెళ్లిపోవద్దు. సైకిల్ ఆనించి నది ఒడ్డుకు దిగండి. మూడు కమానుల మధ్య ఉన్న స్తంభాల్లో కిటికీల్లాంటి ఖాళీలు కనిపిస్తాయి. కలవోన్ వేసవిలో సన్నటి పాయ, గట్టి వాన పడితే మాత్రం ఒక్కసారిగా పొంగుతుంది. పొంగిన నీళ్లు స్తంభాలను తోసెయ్యకుండా ఆ ఖాళీల్లోంచి పోవాలని అలా వదిలారు. రెండు వేల ఏళ్లుగా వరదకు దారిస్తూ నిలబడింది కాబట్టే ఇవాళ మన సైకిల్ దాని మీద నడుస్తోంది. కింద నిలబడి చూస్తే తప్ప ఈ తెలివి కనబడదు.

ఇక్కడి నుంచి బొన్యూకు ఎక్కుడు, ఐదారు కిలోమీటర్లు. సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులోని ఊరికి లోయ నుంచి చేరాలి. దారి పొడుగునా ద్రాక్ష తోటలు, చెర్రీ చెట్లు. నీడ తక్కువ, అందుకే పొద్దున్నే రమ్మనేది. ఎక్కడం మొదలవ్వకముందే లో గేరులోకి మారిపోండి. బరువు పడ్డాక మారిస్తే చైను కిర్రుమంటుంది, ఒక్కోసారి జారిపోతుంది. సీటు మీదే కూర్చుని, మాట్లాడగలిగేంత ఊపిరితో తొక్కండి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే.

ఊరు కింది నుంచే కనిపిస్తుంటుంది, కొండ అంచున ఇళ్ల మెట్లు, పైన దేవదారుల మధ్య చర్చి శిఖరం. మా వదిన దాన్నే చూస్తూ, "ఇంకా అంతే దూరంలో ఉందేమిటి?" అంటూ నీరసపడిపోయింది. "వదినా, పైకి చూడకు. ఆ పసుపు తల రాయి కనబడుతోందా? అక్కడి దాకా తొక్కు చాలు, ఆగుదాం" అన్నాను. ఇక్కడి జిల్లా రోడ్ల పక్కన పసుపు టోపీ పెట్టినట్టుండే కిలోమీటరు రాళ్లుంటాయి. ఒక్కో రాయి దగ్గర ఒక గుక్క నీళ్లు, ఒక నిమిషం వెనక్కి తిరిగి చూడటం. అలా రాయి తర్వాత రాయి దాటుకుంటూ వచ్చేసరికి ఊరి మొదటి ఇల్లు వచ్చేసింది, ఆమె నమ్మలేకపోయింది.

బొన్యూలో సైకిల్ కింది వీధిలోనే తాళం వేసి, పాత చర్చి దాకా నడిచి వెళ్లండి. చివర్లో 86 మెట్లున్నాయి. పైన నిలబడితే లోయ మొత్తం పరుచుకుని ఉంటుంది: ఎదురుగా లాకోస్ట్ కోట, అవతలి ఒడ్డున గోర్డ్, ఎర్రటి మచ్చలా రూసియోన్, వెనకాల వాంతూ. ఊళ్లు గుట్టలెందుకెక్కాయో అక్కడ అర్థమవుతుంది. శత్రువు రోజు ముందే కనిపించే చోటది. కింది మంచి నేలంతా సాగుకు మిగిలింది కూడా. శుక్రవారం పొద్దున సంత ఉంటుంది. ఊరి పైన ఇంకా ఎక్కే శక్తి ఉంటే దేవదారు అడవికి వెళ్లొచ్చు, 1860ల్లో అట్లాస్ పర్వతాల నుంచి విత్తనాలు తెచ్చి పెంచిన అడవి. ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవాళ్లకే సిఫారసు చేస్తాను.

బొన్యూ నుంచి లాకోస్ట్‌కు ఐదారు కిలోమీటర్లు, ముందు దిగి చివర్లో కొంచెం ఎక్కాలి. పైనున్న కోట ఒకప్పుడు వివాదాస్పద రచయిత మార్కీ ద సాద్‌ది. 2001లో ఫ్యాషన్ డిజైనర్ పియెర్ కార్డాన్ కొన్నారు. ఊళ్లో సందులు గుండ్రాళ్లు పరిచినవి, కాళ్ల రాపిడికి అద్దంలా నున్నబడ్డాయి. సైకిల్ ఎక్కి తొక్కే సాహసం చెయ్యకండి, పట్టుకుని నడవండి. తడిగా ఉంటే నడక కూడా జాగ్రత్త.

ఇక్కడికి రెండు ఊళ్లయ్యాయి. తిరుగుదారిలో మెనెర్బ్ ఎలాగూ తగులుతుంది. సన్నటి గుట్ట మీద బారుగా ఉండే ఊరు, మత యుద్ధాల కాలంలో 1573 నుంచి ఐదేళ్లు ముట్టడి తట్టుకుంది. పికాసో 1944లో తన ప్రియురాలు, ఫొటోగ్రాఫర్ దోరా మార్‌కు కొనిచ్చిన ఇల్లు ఇక్కడే ఉంది. ఓపిక ఉంటే ఎక్కండి, లేకపోతే కింద ద్రాక్ష తోటల మధ్య నుంచి చూసుకుంటూ కూస్తెలేకు జారిపోండి. కింది నుంచి కూడా మెనెర్బ్ చాలా అందంగా ఉంటుంది.

ఉత్తరపు ఒడ్డు: రూసియోన్, గోర్డ్

రూసియోన్‌కు పొద్దున్నే చేరాలి. పది దాటితే బస్సులొచ్చేస్తాయి. కావిరాయి తవ్వకాలతో బతికిన ఊరు, ఇళ్ల గోడలన్నీ పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా ఆ మట్టి రంగులే. ఇనుము ఆక్సైడ్ కలిసిన ఇసుక నేల అది. పాత గని మధ్య నుంచి టికెట్ పెట్టి నడక దారి వేశారు. చిన్న చుట్టు అరగంట, పెద్దది గంట. సైకిల్ బయట తాళం వేసుకుని లోపలికి వెళ్లాలి. తెల్ల బట్టలు, తెల్ల బూట్లు వద్దు. మట్టి అంటుకుంటే తడి చెయ్యకుండా ఆరనిచ్చి బ్రష్‌తో దులపండి, నీళ్లు తగిలితే మరక ఇంకిపోతుంది. గుప్పెడు రంగు మట్టి మూటగట్టుకోవాలనిపిస్తుంది, అది నిషేధం. తిరిగి సైకిల్ ఎక్కేముందు బూట్లు గట్టిగా విదిలించండి, ఆ ఇసుక చైనులో పడితే రోజంతా నూరుతుంది. గురువారం సంత.

రూసియోన్ నుంచి గోర్డ్‌కు పది కిలోమీటర్లు. చివరి ఎక్కుడు నిటారు, కార్లు ఎక్కువ. నిజం చెప్పాలంటే జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం గోర్డ్‌లో నాకు ఊపిరాడదు. పొద్దున ఎనిమిదికో, సాయంత్రం ఆరు తర్వాతో అయితే అదే ఊరు వేరేలా ఉంటుంది. మంగళవారం సంత రోజు కార్లకు చోటు దొరకదు, సైకిల్ వాళ్లకు ఆ బాధ లేదు. కూస్తెలే, కవయోన్ వైపు నుంచి వచ్చే రోడ్డు మీద ఊరికి ఎదురుగా ఒక మలుపుంది, ఊరంతా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అక్కడ కార్లు హఠాత్తుగా ఆగుతాయి, రోడ్డు మీద నిలబడొద్దు. ఇంత చక్కగా కనిపించే ఊళ్లో చాలా ఇళ్లను 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం కూల్చేసింది. మళ్లీ ఆ రాయితోనే కట్టుకున్నారు.

లావెండర్ పొలం ముందు నిలబడ్డ సెనాంక్ మఠం గోర్డ్‌కు దగ్గరే, 1148లో స్థాపించిన సిస్టర్సియన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖ మఠం. సన్యాసులు ఇప్పటికీ ఉంటున్నారు, గట్టిగా మాట్లాడకండి. గోర్డ్ నుంచి అక్కడికి దారి నిటారుగా దిగుతుంది, ఆ ఇరుకు లోయలోంచి ఏ రోడ్డున బయటపడాలన్నా ఎక్కుడే. కాళ్లలో అంత సత్తువ మిగిలి ఉంటేనే దిగండి.

తిండి, నీళ్లు

హోటళ్లలో వంట పన్నెండు నుంచి రెండు దాకానే. రెండున్నరకు చేరితే కాఫీ తప్ప ఏమీ దొరకదు, మళ్లీ పొయ్యి వెలిగేది ఏడింటికి. చిన్న ఊళ్లలో కొట్లు కూడా మధ్యాహ్నం మూసేస్తారు, సోమవారం చాలావరకు సెలవే. అందుకే బయల్దేరేటప్పుడే బులాంజరీలో (బేకరీలో) రొట్టె, పక్క కొట్లో జున్ను, పళ్లు కొని బ్యాగులో వేసుకోవాలి. ఏ కొట్లోకి అడుగుపెట్టినా ముందు బోంజూర్ అనండి, తర్వాతే అడగాల్సింది అడగండి. ఆ ఒక్క పలకరింపుతో ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది.

శాకాహారులు ఒకటి గమనించాలి: మాంసం లేకుండా అని మాత్రమే చెబితే చేప వచ్చే అవకాశం ఉంది. "సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్" అని రెండూ చెప్పండి. ఆలివ్ పళ్లతో చేసే తపెనాద్‌లో ఆంచోవీ చేపలు నూరతారు. ఫుగాస్ రొట్టెలో కొన్నిసార్లు పంది మాంసం ముక్కలుంటాయి, ఆలివ్‌లతో చేసినదేనా అని అడిగి తీసుకోండి. రతతూయ్ అనే కూరగాయల కూర, మేక జున్ను వేసిన సలాడ్, కాలంలో కవయోన్ కర్బూజా దొరికితే ఇంకేం కావాలి.

మనిషికి రెండు సీసాల నీళ్లు. ఊరి నడిబొడ్డు ఫౌంటెన్ మీద "ఓ పొతాబ్ల్" అని ఉంటే తాగే నీళ్లు, మధ్యలో "నోన్" చేరితే తాగొద్దు. ఫౌంటెన్ లేకపోతే శ్మశానం వెతకండి, పూల కుండీల కోసం దాదాపు ప్రతి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది. అది తాగే నీళ్లదో కాదో మాత్రం బోర్డు చూసుకోండి.

రోడ్డు మీద

బండ్లు కుడి పక్కన నడుస్తాయి. బోర్డు లేని కూడళ్లలో కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్లు కూడా పెట్టుకోవాలనే నేను గట్టిగా చెబుతాను. తొక్కుతూ ఫోను చేతిలో పట్టుకోవడం, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం రెండూ నేరమే. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవాలి. ఊరి బయట మనల్ని దాటే కారు ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలి, సాధారణంగా ఇస్తారు. ఆపద వస్తే 112.

దిగేటప్పుడు మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు వెయ్యకండి. రెండు బ్రేకులూ పట్టి వదులుతూ ఉండండి, అదేపనిగా పట్టి ఉంచితే వేడెక్కుతాయి. రోడ్డు అంచున గులకరాళ్లుంటాయి, కొంచెం లోపలికి ఉండటమే క్షేమం.

ఇంకో రోజు చేతిలో ఉంటే

కొండకు అవతలి వైపు లూర్మరాన్‌కు వెళ్లండి. బొన్యూ నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపే. కొండను చీల్చుకుంటూ పోయే ఇరుకు లోయలో, రెండు పక్కలా రాతి గోడల మధ్య మెలికలు తిరుగుతుంది రోడ్డు. వేరే దారి లేదు కనుక కార్లన్నీ అందులోనే వస్తాయి. వరసగా, ఒకరి వెనక ఒకరు వెళ్లాలి, వెనక లైటు పగలు కూడా వెలిగించుకోండి. 1957లో నోబెల్ అందుకున్న రచయిత ఆల్బేర్ కామూ మరుసటి ఏడు ఈ ఊళ్లో ఇల్లు కొనుక్కున్నారు. 1960 జనవరిలో కారు ప్రమాదంలో చనిపోయారు, సమాధి ఇక్కడి శ్మశానంలోనే ఉంది. శుక్రవారం సంత రోజు ఊరు కళకళలాడుతుంది గానీ ఆ ఇరుకు రోడ్డు మీద రద్దీ కూడా అప్పుడే, సైకిల్‌కు వేరే రోజు చూసుకోండి. తిరుగుదారి కూడా అదే రోడ్డు, ఈసారి ఎక్కుడు. బ్యాటరీ సగం పైన ఉండగానే, సాయంత్రం నాలుగు దాటకముందే లూర్మరాన్ నుంచి కదలండి.